రహమతుల్లా సారు కొలిచిన చల్లదనం

మొన్న మేలో మా వీధిలో పైపుల కోసం లోతుగా గుంత తవ్వారు. పక్కన నిలబడితే అడుగు నుంచి చల్లటి మట్టి వాసన మొహానికి తగిలింది. రహమతుల్లా సారు గుర్తొచ్చి అక్కడ నిలవలేకపోయాను. డెబ్బైల చివర ఆదోనిలో నేను సైన్సు టీచరుగా చేరిన బడికి ఆయన హెడ్మాస్టరు. బడి వెనకాల ఎండిపోయిన బావిలోకి వారానికోసారి థర్మామీటరు దించి, చాలాసేపు ఉంచి, పైకి లాగి నోటుబుక్కులో రాసుకునేవారు. లాగేలోపు అంకె మారకుండా దాని బల్బుకు మైనం పూసేవారు. పైన ఎండలు మండినా, చలి వణికించినా అడుగున అంకె దాదాపు కదిలేది కాదు. పాఠం చెప్పడమే తెలిసిన నాకు, ఓపికగా చూడడం నేర్పింది ఆయనే.

ఒక ఆదివారం నన్ను ఎమ్మిగనూరులో తన కూతురు షంషాద్ అత్తగారింటికి తీసుకెళ్లారు. పక్కింట్లో గుంట మగ్గం ఉంది. గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న పెద్దాయనను ఎండాకాలం ఎలా ఉంటుందని సారు అడిగితే, "కాళ్లకు సల్లగుంటాది సార్, తలకాయే ఉడికిపోతాది" అన్నాడు. తిరుగు బస్సులో సారు తన ఆలోచన చెప్పారు. ఆదోని సర్కారు ఆసుపత్రిలో కాన్పుల వార్డు రేకుల షెడ్డు. నేలలో లోతుగా గొట్టాలు పరిచి, వాటిగుండా ఫ్యానుతో గాలిని లాగి లోపలికి వదిలితే వేడి తగ్గుతుందని. మర్నాడే తన కొలతలన్నీ జతచేసి జిల్లా అధికారులకు అర్జీ రాశారు.

"సైన్సు తెలిసినోళ్లు ఇద్దరు సంతకం పెడితే సదువుతారమ్మా" అంటూ నా ముందు పెట్టారు.

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "పైవాళ్లు ఏమనుకుంటారో సార్" అన్నాను.

"సరేలేమ్మా" అని ఆయన ఒక్కరే సంతకం చేసి పంపారు. జవాబు రాలేదు.

రెండేళ్ల తర్వాత నడివేసవిలో, షంషాద్‌కు ఆ వార్డులోనే తొలికాన్పు అయింది. ఆడపిల్ల. మూడోరోజు మధ్యాహ్నం రేకుల వేడికి బిడ్డ ఒళ్లు కాలిపోసాగింది. తడిగుడ్డలు చుట్టినా జ్వరం దిగలేదు. సాయంత్రానికి పోయింది. నేను వెళ్లేసరికి సారు వరండాలో విసనకర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఆరోజు నేను సంతకం పెట్టుంటే..." అన్నాను.

"నువ్వు పెట్టినా వాళ్లు సదివేటోళ్లు గాదమ్మా. మనసులో పెట్టుకోవద్దు."

ఆ తర్వాత ఆయన బావి దగ్గరికి పోలేదు. రిటైరై ఎమ్మిగనూరులో కూతురి దగ్గరే ఉండి, కొన్నేళ్లకు కన్నుమూశారు. నా ఉద్యోగం పర్మనెంటయింది. ఆయన ఆ రోజు అన్నది నిజమో, నన్ను ఓదార్చడానికి అన్న మాటో అడిగే ధైర్యం ఆయన బతికుండగా నాకు రాలేదు.