తెలుపు మీద ఎర్ర చుక్కలు

నల్గొండల మేము కిరాయికుంటున్న ఇంటి డాబా మీద నావి గడ్డి గులాబీల కుండీలున్నయి. ఎండెక్కంగనే విచ్చుకొని, మధ్యాహ్నం దాటంగనే ముడుసుకపోయే పూలు. ఎర్రదాన్ని తెల్లదానితోని కలిపి చారల పువ్వు పుట్టియ్యాలని నా పట్టు. తేనెటీగలు రాకముందే ఎర్రపువ్వు పుప్పొడి కుంచెతోని తెల్లపువ్వుకు అద్ది, పైన జాలిగుడ్డ కట్టేదాన్ని. ఆ గింజలతోని ఎన్నిసార్లు నారు పోసినా వట్టి గులాబిరంగే.

ఓ ఎండకాలం పాలమూరు నుంచి నా తోటికోడలు వచ్చింది. నేను ఆ గులాబిరంగు పూల గింజలతోని మళ్ల పోసిన నారు ఏరుతున్న. కాడ ఎర్రగుంటే ఎర్రపువ్వో గులాబిదో వస్తది, పచ్చగుంటే తెల్లది. తెల్లవి చానున్నయని పచ్చకాడలన్నీ పీకి పక్కకేసిన.

"గివి పారేస్తవా అక్కా? నేను తీస్కపోత," అని తడిగుడ్డల చుట్టుకున్నది.

వానలు మొదలైనంక ఆమె ఫోన్ల ఫొటో పంపింది. తెల్ల రేకుల మీద చిలకరించినట్టు ఎర్ర చుక్కలు, ఒక రేకుకు నిలువునా చార. నేను పీకేసిన పచ్చకాడకే ఆ పువ్వు! ఆదివారం రాంగనే బస్సెక్కి పోయిన.

పాత పెయింటు బకెట్ల పెట్టింది. కలపలేదు, జాలి కట్టలేదు, ఊకె నీళ్లు పోసిందంతే. పక్కింటామె నాతోని, "మీ చెల్లె చెయ్యి మంచిదమ్మా, ఏం పెట్టినా పూస్తది," అన్నది.

"నాదేమున్నది, అక్క ఇచ్చిందే," అని నా తోటికోడలు నవ్వింది. ఆ మాటకు నాకు ఇంకా మండింది. నేనిచ్చింది కాదు, పారేసింది.

అడగంగనే కొమ్మ తుంచి ఇచ్చింది. నా కుండీల అది బతికింది గని నిండెరుపు పూసింది, ఒక్క చుక్క లేదు. ఫోన్ చేసి చెప్పిన.

"నా దగ్గర గూడ ఒక కొమ్మకు గట్లనే పూసిందక్కా! ఒక్క చెట్టుకు రెండు తీర్ల పూలని వాడకట్టంత వచ్చి చూస్తున్నరు."

నా ఇంట్ల తప్పిన పువ్వు ఆమె ఇంట్ల వింతైంది.

"కాయలు పండితే నాకు పంపు," అన్న. కాగితంల పొట్లం కట్టి మా మరిదితోని పంపింది. నారు పోసిన. ఎర్రకాడలు, పచ్చకాడలు కలిసి లేచినయి. ఈసారి ఒక్కటి గూడ పీకలేదు. మొన్న ఒక మొగ్గ కొసకు తెలుపుల ఎర్రగీత కనవడ్డది. దాని ముంగట కూసున్నప్పుడే ఫోన్ మోగింది.

"గింజలు మొలిసినయా అక్కా?"

"ఇంకా లేదు చెల్లె," అన్న.