గులాబీ మందు

అదే చెబుతున్నా కదా, ఆర్విల్ ఆరడుగుల పైన మనిషి. కొండ మీద నిలిపిన తన ట్రెయిలర్‌లోకి, అదే ఆ చక్రాల ఇంట్లోకి, ముప్పై ఏళ్లుగా వెళ్తున్నా, తల ప్రతిసారీ గుమ్మానికి కొట్టుకుంటుంది, ఆయన ప్రతిసారీ గుమ్మాన్నే తిడతాడు. మా మోంటానాలో ఆకులు పసుపెక్కి రాలగానే, చలికాలానికి దాన్ని మూసి రావడం ఆయనకి వ్రతం. పరుపులు నిలబెడతాడు, ఎలకలు చేరకుండా కలరా ఉండలు జల్లుతాడు, ఫ్రిజ్ తలుపు మూసుకుపోకుండా తువ్వాలు అడ్డం పెడతాడు. చివర్లో, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి అవి పగలకుండా, బయట నిలబడి వాటిలోకి గులాబీ రంగు మందు పంపుతో కొడతాడు. లోపల కుళాయిలో రంగు కనపడగానే భార్య లోయిస్ "వచ్చింది, ఆపవయ్యా ముసలోడా, కొండంతా రంగు పూస్తావా!" అని కేకేసేది. ఆవిడ జూన్‌లో పోయింది.

మొన్న, పక్కింటి బడిపంతుల్ని కదా, నేను తోడెళ్లాను. "కుళాయి దగ్గర నిలబడనా?" అంటే, "నువ్వు సామాను చూడు పంతులూ, ఇది నీకు రాదులే" అన్నాడు. కుళాయి తనే తిప్పి బయటికెళ్లాడు. నేను ట్రక్కు సర్దుతున్నంతసేపూ పంపు చప్పుడు ఆగలేదు. వెళ్లి చూస్తే డబ్బా ఖాళీ. మందంతా వంటింటి తొట్టి గొట్టంలోంచి బయటికి కారి, కింద గులకరాళ్ల మీద మడుగు కట్టింది. స్నానాలగది పైపుకి చుక్క మిగల్లేదు.

"ఏమయ్యా, చూసుకోవద్దూ?"

"కేక వినపడలేదు," అన్నాడు. చెయ్యి ఇంకా పంపు మీదే ఉంది.

దిగొస్తుంటే, "పగిలితే పగలనీ. వచ్చే ఏడు ఎవరికోసం తెరవాలి?" అన్నాడు. మంచు పడితే కొండదారి మూసేస్తారు. ఇంకో డబ్బా కొనిపెట్టాను. రేపు తెల్లారగానే ఫోన్ చేసి, కుళాయి దగ్గర నేను నిలబడతాను, బయల్దేరు అని చెప్పాలి.