వేలి గీతలు కనిపించేదాకా

చేపల అంగడాయన పోయాడన్న కబురు నాకు టీ బంకు దగ్గర తెలిసింది. ఒక ఆటో డ్రైవరు టీ ఊదుకుంటూనే చెప్పాడు. "ఆ కుళ్ళు మొద్దులు ఉడకబెడతా ఉంటాడే, ఆయప్ప. పొద్దున కాఫీ తాగి మంచం మీద ఒరిగినాడంట. మళ్ళా లెయ్యలేదంట." పక్కనున్నవాడు "పోనీలే, ఇంక ఆ సందులో కంపు తప్పె" అని నవ్వాడు. నేను గ్లాసు కింద పెట్టి లేచాను.

కంపు కొట్టే మాట నిజమే. పోయినవాళ్ళ గురించి అబద్ధాలు చెప్పి పొగడడం నాకు చేతకాదు, ఆయనకూ గిట్టదు.

తిరుపతిలో రైలు పట్టాల అవతల ఒక ఇరుకు సందులో ఆయన అంగడి. ముందు గదిలో అద్దాల తొట్లు, రంగు చేపలు. వెనక పెరట్లో మూడు నీలం డ్రమ్ములు. వాటిలో కొయ్య నానుతూ ఉండేది. చేపల తొట్టిలో పెట్టే కొయ్య అది. దాని కింద చేపలు దాక్కుంటాయి, నిద్రపోతాయి. వానలు పోయాక ఏట్లో కొట్టుకొచ్చి ఎండిన వేర్లూ మొద్దులూ ఏరి తెచ్చి ఇచ్చే పని నాది. రేణిగుంట సామిల్లులో నలభై ఏళ్ళు రంపం కింద దుంగలు తోసినవాణ్ణి. అక్షరం ముక్క సరిగ్గా రాదు గాని, కళ్ళు మూసి వాసన చూపిస్తే అది ఏ చెట్టో చెప్తాను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మొదటిసారి రెండు మొద్దులు భుజాన వేసుకుని పోయాను. ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, గోటితో గీరాడు, పక్కన పెట్టేశాడు.

"ఇది వేప. ఇది ఇంకా పచ్చి. రెండూ తీసుకపో మేస్త్రీ."

"నలభై ఏండ్లు కొయ్యతో బతికినోన్ని. నువ్వు నాకు సెప్తావా?"

"నువ్వు బల్లలకు కొయ్య కోసినావు. బల్ల మీద కూసున్నోడికి ఏం గాదు. చేప దాంట్లోనే బతకల్ల. కొయ్య ఏం కక్కితే అదే మింగల్ల."

కోపంతో ఇంటికి వచ్చేశాను. రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు ఏట్లోకి దిగి, ఎండి ఎముకలా అయిపోయిన చింతవేరు ఒకటి వెతికి తెచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి "ఇది కొయ్య" అన్నాడు. అంతకంటే మెచ్చుకోవడం ఆయనకు రాదు.

ఆ కొయ్యను తొట్టికి సిద్ధం చేసే పని చూస్తే ఎవరికైనా అన్నం సయించదు. వేరుకు పట్టిన బెరడంతా ఒలవాలి. మెత్తబడ్డ చోటల్లా కత్తితో చెక్కేయాలి. లోపల నల్లటి బంక, జెర్రులు, ఒకసారైతే చచ్చిన కప్ప. కొబ్బరి పీచుతో రుద్దాలి. సబ్బు గాని, సోడా గాని తగలకూడదు. తగిలితే కొయ్య దాన్ని పీల్చుకుని తర్వాత తొట్టిలో వదులుతుంది. ఆ తర్వాత రేకు డబ్బాలో గంటల తరబడి ఉడకబెట్టడం. ఆ ఆవిరికి నేను ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాణ్ణి. ఆయన మాత్రం పాయసం కలిపినట్టు కలిపేవాడు. ఉడికాక డ్రమ్ములో వేసి రోజూ నీళ్ళు మార్చడం. మొదట్లో నీళ్ళు కషాయంలా ఎర్రగా దిగుతాయి. ఆ ఎర్ర నీళ్ళు కాలువలో పోతుంటే ఎదురింటివాడు చూసి, పెరట్లో ఎర్రచందనం దాచాడని ఊరంతా చెప్పాడు. "చందనం ఉడకబెట్టుకోని తాగేంత పిచ్చోన్నా నేను?" అన్నాడు అంగడాయన, అంతే.

తేలే కొయ్యకు అడుగున రాయి బిగించాలి. నేను కడప బండ తెస్తే దాని మీద నిమ్మరసం పిండి చూపించాడు. బుస్సుమని పొంగింది. "సున్నపు రాయి. నీళ్ళు చెడిపోతాయి. మన గుట్ట రాయి తే" అన్నాడు.

కొయ్య ఎప్పటికి సిద్ధమైనట్టు? దానికీ ఆయనకు ఒక లెక్క ఉంది. డ్రమ్ములో నీళ్ళు గాజు గ్లాసులో ముంచి, వెనక బొటనవేలు ఆనించి ఎండకు ఎత్తేవాడు. వేలి గీతలు ఒక్కొక్కటీ కనిపించాలి. కనిపించకపోతే ఇంకో వారం. ఈ రోజే కావాలని వచ్చేవాళ్ళు ఉంటారు, ఫోనులో ఏదో చూసి. "తొందరున్నోడు ప్లాస్టిక్ బొమ్మ కొనుక్కోని పోవల్ల" అని పంపించేసేవాడు. వాళ్ళు పోయి ఇంకో చోట వార్నిషు కొట్టి నిగనిగలాడే కొయ్య కొనుక్కునేవాళ్ళు. వార్నిషు కొట్టి చేపల్ని చంపేవాళ్ళంటే నాకు ఉమ్మేయాలనిపిస్తుంది. అయితే వాళ్ళ మీద ఉమ్మే హక్కు నాకు లేదు. అది ఒప్పుకోడానికే ఇదంతా చెప్తున్నాను.

ఒక ఆయుధపూజకు అంగడి కడిగి, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాను. గాలి మోటారుకు, వలకు, కత్తికి, డ్రమ్ములకు. సామిల్లులో రంపానికి పెట్టిన చెయ్యి ఇది, ఊరుకుంటుందా? గోడ మీద ఆరబెట్టిన చింతవేరుకు కూడా నిండుగా పెట్టాను. అది మా వీధి దర్జీ తన చేపల తొట్టికి చెప్పి పెట్టుకున్న వేరు. ఆ సాయంత్రం దర్జీ వస్తే, అంగడాయన ముందు గదిలో ఎవరితోనో మాట్లాడుతుంటే, నేనే తడి గుడ్డతో తుడిచి పేపర్లో చుట్టి ఇచ్చాను. పాకెట్టు కుంకుమ. దాంట్లో ఏ రంగు కలుపుతారో ఎవడికి తెలుసు.

రెండో రోజుకు దర్జీ చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

అంగడాయన వాళ్ళింటికి పోయాడు. వెనకే నేనూ పోయాను. ఆయన వేరు బయటికి తీసి, జేబులోంచి పిన్నీసు తీసి, నెర్రెలో గుచ్చి లాగాడు. కొన మీద ఎర్రటి పొడి వచ్చింది. నన్ను చూశాడు. పిన్నీసు తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

"తప్పు నాదేనప్పా. సరిగ్గా నానలేదు" అన్నాడు దర్జీతో.

నేను గడప దగ్గర రాయిలా నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఆయన తన చేపలే ఇచ్చి ఆ తొట్టి నింపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అన్నాడు. "దేవుడికి పెట్టేది దేవుడికి పెట్టు మేస్త్రీ. చేపకు వద్దు." ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి, లెక్క సరిపోయేది.

పదకొండో రోజు భోజనాలకు పోయాను. ఎదుటి వరుసలో దర్జీ కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ పక్కవాడితో అన్నాడు. "మంచోడే గాని, ఒకతూరి నాకు మందు కొట్టిన కొయ్య అంటగట్టినాడు. చేపలన్నీ పాయె." పక్కవాడు తల ఊపాడు. ఆ పక్కవాడు కూడా ఊపాడు. ఆయన కూడు తింటూ, ఆయన ఇంట్లో కూర్చుని. నాకు నోట్లో ముద్ద కొయ్య ఉడికిన కంపు కొట్టింది. వాళ్ళ మీద కాదు, నా మీదే అసహ్యం పుట్టింది.

"మందు గాదు, కుంకుమ" అన్నాను. "పెట్టింది నేను. తుడిచి నీ చేతికిచ్చింది నేను. ఇచ్చేటప్పుడు ఆయప్పకు తెల్దు."

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు.

"మరి ఆయప్ప తప్పు తనదన్నాడే?"

"అన్నాడు. నేను పక్కనే ఉండి విన్నాను."

"ఇన్ని దినాలు ఏం జేస్తాంటివి మేస్త్రీ?"

"నోరు మూసుకోని ఉంటి."

దర్జీ ఆకు మడిచి లేచిపోయాడు. నేను కూర్చుని నా ఆకులో ఉన్నదంతా తిన్నాను. ఆయన ఇంట్లో అన్నం పారేయడం కూడా ఎందుకు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే రెండు డ్రమ్ములు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. మూడోదాంట్లో ఒక వేరు మిగిలింది, ఆయన మొదలుపెట్టి వదిలేసింది. పదకొండు రోజులుగా ఎవరూ నీళ్ళు మార్చలేదు. పైన తెల్లటి జిగురు చీమిడిలా తేలుతోంది. ఆయన తమ్ముడు ముక్కు మూసుకుని "పారబోసేస్తాం, అంగడి బాడుగకిచ్చేస్తాం" అన్నాడు. అంగడాయన భార్య లోపలి నుంచే చెప్పింది. "మేస్త్రీ అన్న కావాలంటే తీసకపోనీ. ఆయనుండుంటే ఒక పూట మార్చకుండా ఉండనిచ్చేటోడా."

మోచేతి దాకా చెయ్యి ఆ జిగురులో పెట్టి వేరు పైకి తీశాను. ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మళ్ళీ రుద్దాను, మళ్ళీ ఉడకబెట్టాను. ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళు ముక్కులు మూసుకుంటున్నారు. మూసుకోనీ.

నిన్న దర్జీ మా వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"అయిందా?"

"సూడల్ల."

గ్లాసు ముంచి, వెనక బొటనవేలు ఆనించి, ఎండకు ఎత్తాను. ఇద్దరం చూశాం. టీ రంగు నీళ్ళలో నా వేలు మసకగా కనిపించింది. గీతలు ఇంకా లేవు.

"ఇంగో వారం" అన్నాడు దర్జీ. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, నీళ్ళు మొక్కకు పోసి, డ్రమ్ము అంచు మీద బోర్లించి పోయాడు.