మా బావ కాళ్ళు కడిగిన గురువారం

సువార్త విని బాగుపడినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. సువార్త విని, దాన్ని పాటించబోయి, ఒక పెద్దమనిషిని చర్చి వాకిట్లో గంతులు వేయించినవాడు మాత్రం మా దంతాలపల్లిలో ఒక్కడే. ఆ ఒక్కడూ ఎవరో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నవ్వుకోవాలనుకుంటే ఇప్పట్నుంచే మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు గొడవ సంగతి చెప్పాలి. మా అక్క సునీతను గార్లలో సామేలు బావకు ఇచ్చాం. బావ తాపీ మేస్త్రి. చెయ్యి మంచిది, మనసు మంచిది, అలక మాత్రం కొంచెం గట్టిది. ఒక క్రిస్మస్‌కు మా యువజన సంఘం తరఫున ఫ్లెక్సీ వేయించే పని నా మీద పడింది. నల్ల కళ్ళద్దాలతో నా ఫోటో నడిమధ్యన, నిలువెత్తున పెట్టించాను. బావ ఫోటో అడుగున ఒక మూలకు, తపాలా బిళ్ళంత. అక్కడితో ఆగినా బాగుండేది. ఫ్లెక్సీని కరెంటు స్తంభానికి కట్టినవాళ్ళు సరిగ్గా బావ ముక్కు దగ్గరే చిల్లు పొడిచి తాడు దూర్చారు.

పండుగనాడు బావ అక్కను బండి మీద ఎక్కించుకుని కొత్త చొక్కాలో ఊళ్ళోకి వచ్చాడు. స్తంభం దగ్గర బండి ఆపి కాసేపు పైకి చూశాడు.

"ఏందిరా ఇది? నా ముక్కుకు తాడేసి స్తంభానికి కట్టేసిండ్రు? నేనేమన్న మీ ఇంటి ఎద్దునా?"

"గది కట్టినోళ్ళ తప్పు బావా, నాది కాదు," అన్నాను. నోరు మూసుకుని తప్పయిందంటే పోయేది. పైగా నవ్వాను కూడా. బావ బండి తిప్పాడు. అక్క వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళిపోయింది.

తర్వాత తెలిసింది, అక్క నీళ్ళోసుకుందని. మా దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెల రాగానే తీసుకొద్దామని అమ్మ ఫోన్ చేస్తే బావ ఒక్కటే మాట అన్నాడు. "గా స్తంభమున్న ఊరికి నా పెండ్లాన్ని పంప." అమ్మ రోజూ అన్నం ముందు కూర్చుని కళ్ళొత్తుకునేది. నేను రోజూ ఆ అన్నం తినేసి బయటికి వెళ్ళిపోయేవాడిని. తప్పు నాదని తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"ప్రభాకరూ, గురువారంనాడు పన్నెండు మంది కాళ్ళు కడుగుతం గదా. మీ బావను గూడ పిలిచిన, నా మాట కాదనలేదు. ఆయన కాళ్ళు నువ్వు కడుగు. ప్రభువే వంగి శిష్యుల కాళ్ళు కడిగిండు, నువ్వెంత నేనెంత? కడిగి, 'క్షమించు బావా' అని ఒక్క మాట అను. అంతే పని."

ఆ ఒక్క మాట నా చెవికెక్కలేదు. నా కళ్ళ ముందు దృశ్యం ఒకటే కదులుతోంది: తెల్లచొక్కాలో నేను, మోకాళ్ళ మీద నేను, నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటున్న ఊరు. నాలుగు రోజులూ అద్దం ముందు నిలబడి వినయమైన ముఖం పెట్టడం సాధన చేశాను. జిల్లా మొత్తంలో నా అంత వినయవంతుడు ఉండడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. వీడియో తీయడానికి ఒక దోస్తును కూడా మాట్లాడి పెట్టుకున్నాను.

గురువారం వచ్చింది. మిర్చి కల్లంలో ఎండుతున్న రోజులవి, కూలీలు దొరకలేదు. పొద్దంతా అమ్మా నేనూ కల్లంలో కూర్చుని మంచి కాయలోంచి రంగుపోయిన తాలుకాయ ఏరాం. మా చేతులకు ఆ ఘాటు అలవాటే, మాకేం తెలియదు. సాయంత్రం లేస్తుంటే అమ్మ అంది. "ముందుగాల నూనె రాసుకొని, సబ్బుతోని చేతులు రుద్ది రుద్ది కడుక్కో బిడ్డా."

"గట్లనే," అన్నాను. కానీ నా టైమంతా తెల్లచొక్కా ఇస్త్రీ చేయడానికే సరిపోయింది. చేతులను అలా నీళ్ళలో ముంచి పరిగెత్తాను.

చర్చిలో పన్నెండు కుర్చీలు వేశారు. చివరి కుర్చీలో బావ చేతులు కట్టుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు. అయ్యగారు పదకొండు మంది కాళ్ళు కడిగి, నీళ్ళ టబ్బు బావ ముందుకు జరిపి, చెంబు నా చేతికిచ్చారు. నేను వీడియో తీస్తున్న దోస్తు వైపు ఒకసారి చూసి మోకరించాను.

సిమెంటులో తిరిగే కాళ్ళు కదా, బావ మడమల నిండా పగుళ్ళు. అయ్యగారైతే ఇన్ని నీళ్ళు పోసి తుడిచేశారు. నేను అలా తేలిగ్గా వదులుతానా? ఒక్కొక్క పగుల్లో బొటనవేలు పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. బావ మెత్తబడ్డాడు.

"చాలు తియ్ బామ్మర్దీ. గింత ఎందుకురా?"

అక్కడ ఆపి ఆ ఒక్క మాట అని ఉంటే, నేనీ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు.

"లేదు బావా, ఇంక కడుగుత," అని రెండో కాలు అందుకున్నాను.

కాసేపటికి బావ వేళ్ళు ముడుచుకున్నాయి. తర్వాత మోకాలు వణికింది. తర్వాత మీసం.

"ఏం పెట్టినవురా నీళ్ళల్ల?"

"ప్రేమ బావా."

"మంట లేస్తుందిరా!"

"పశ్చాత్తాపం గట్లనే ఉంటది బావా. జర ఓర్సుకో."

"పశ్చాత్తాపం నీది గదరా, మంట నా కాళ్ళకెందుకురా!" అని కేక పెట్టి బావ లేచాడు. టబ్బు నా తెల్లచొక్కా మీద బోర్లాపడింది. ఆయన రెండంగల్లో చర్చి దాటి వాకిట్లో కోడిపిల్లలా గంతులు వేస్తున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ అరిచింది. "వీని చేతులు పాడుగాను, పొద్దంత మిర్చి ఏరిండయ్యా! మజ్జిగల పెట్టు అల్లుడా, మజ్జిగల పెట్టు!"

ఎండాకాలమని ఆరాధన తర్వాత పంచడానికి వాకిట్లో గంగాళం నిండా మజ్జిగ పెట్టారు. బావ రెండు కాళ్ళతో అందులోకి దిగాడు.

"పగ వట్టిండు! మొన్న ముక్కుకు తాడేసిండు, గిప్పుడు కాళ్ళకు నిప్పు వెట్టిండు! ఇగ సునీత ఈ ఊరి మొఖం సూడది. నా మాట ఇదే!"

అమ్మ అక్కడే మెట్ల మీద కూలబడింది. అది చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. అద్దం ముందు సాధన చేసిన ఏడుపు కాదు, లోపలినుంచి తన్నుకొచ్చింది. వచ్చిన కన్నీళ్ళు తుడుచుకున్నాను. వేటితో? ఆ చేతులతోనే.

ఇక చూడండి. లోకం చీకటైపోయింది. నేలమీద పడి పొర్లుతూ, ఏ దిక్కున ఎవరున్నారో తెలియక, గాలిలోకి అరిచాను.

"బావా, తప్పయింది! నీ ఫోటో కావాల్ననే మూలకు పెట్టిచ్చిన! నువ్వు అడిగితె నవ్విన! నన్ను ఏమన్న అను, అక్కనైతె పంపు బావా, అమ్మ అన్నం తింటలేదు!"

ఎవరో నా తల పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. గ్లాసుతో మజ్జిగ ముంచి కళ్ళమీద పోస్తున్నారు, తువ్వాలతో మెల్లగా అద్దుతున్నారు. మంట తగ్గకపోగా కొంచెం పెరిగినట్టే ఉంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

"అయ్యగారూ, మా బావ పోయిండా?" అన్నాను.

"ఏడికి పోతడురా? అరికాళ్ళు మండుతుంటె బండి గేరెట్ల ఏస్తడు?"

అది అయ్యగారి గొంతు కాదు. గంగాళం పక్కన నేలమీద చతికిలబడి, తను కాళ్ళు నానబెట్టిన మజ్జిగతోనే బావ నా ముఖం కడుగుతున్నాడు. నాలుగు రోజులు అద్దం ముందు నేను వెతికిన వినయం ఆయనకు ఏ అద్దమూ లేకుండానే వచ్చింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

"సోమారం వచ్చి మీ అక్కను తోలుకపో," అన్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. "ఆఁ! జరుగు, జరుగు!" అని వెనక్కి జరిగి, వేలు చూపించాడు. "ఒక్కటే షరతు. రేపు బిడ్డ పుట్టినంక నీళ్ళు మీ అమ్మ పోయాలె. నువ్వు గడప అవుతల నిలవడి సూడాలె."

మేనకోడలు పుట్టింది. మూడు నెలలు నేను గడప అవతల నిలబడే దాన్ని ఆడించాను. మరుసటి ఏడాది మళ్ళీ కాళ్ళు కడిగే గురువారంనాడు తువ్వాల అందించడానికి ఆ వరుస దగ్గరికి వెళ్తే, పన్నెండు మందీ కాళ్ళు కుర్చీల కిందికి లాక్కున్నారు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరిని క్షమాపణ అడగాల్సి వచ్చినా ఆ రోజే అడుగుతాను, ఒట్టి నోటితోనే అడుగుతాను, చేతులు వీపు వెనక కట్టుకుని అడుగుతాను. వీడియో తీయించను. మరింత జాగ్రత్త కోసం, బతికినంత కాలం మిర్చి కల్లంలో కాలు పెట్టను. ఈ చివరి మాటను బావ మెచ్చుకున్నాడు, అయ్యగారు ఆమోదించారు. క్షమించనిది, కల్లంలో ఇక ఒంటరిగా తాలుకాయ ఏరుకోవాల్సిన మా అమ్మ ఒక్కతే.