షంషాద్ తొడుక్కున్న ఒక్క గ్లౌజు

షంషాద్ మొండిదనీ, నేను గదమాయిస్తే భయపడి గ్లౌజులు తొడుక్కుందనీ మా ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె నాకు భయపడటమా! ఆ వాదనలో నేను గెలిచింది సగమే.

కరోనా సెలవుల తర్వాత బళ్లు తెరిచిన ఏడాది నేను పెనుకొండ నుంచి హిందూపురానికి బదిలీ అయ్యాను. స్టాఫ్ నర్సుని కదా, బడి పిల్లల ఆరోగ్య తనిఖీ కూడా నా మెడకే చుట్టారు. అక్కడొక ప్రాథమిక పాఠశాలలో షంషాద్ ఆయమ్మ. పొద్దున్నే పట్టుగూళ్లు ఉడికే వేడినీళ్లలో చేతులు పెట్టి దారం తీసి, తర్వాత బడికి వచ్చేది. వేళ్ల నిండా పగుళ్లు. మోకాలు చీరుకుపోయిన రెండో తరగతి పిల్ల నెత్తురును నా కళ్లముందే ఆ వేళ్లతో, చీరకొంగుతో అదిమి పట్టింది.

హెపటైటిస్ బి అని కాలేయాన్ని తినే జబ్బు ఒకటుంది. అది నెత్తురు ద్వారా అంటుతుంది, పగిలిన చర్మంలోంచి సులువుగా ఒంట్లోకి పోతుంది. ఆమెను కుళాయి దగ్గరికి లాక్కుపోయి సబ్బుతో చేతులు కడిగించి, గ్లౌజులు ఇచ్చాను.

"ఇవేసుకోని ముట్టుకుంటే పిల్లోళ్లు ఏమనుకుంటారు సిస్టరమ్మా? ఆయమ్మ మమ్మల్ని ఈసడించుకుంటాంది అనుకోరా?"

హెడ్మాస్టరు మధ్యలో దూరాడు. "ఏ పిల్లకు రోగముండాదో చెప్పండి మేడం. ఆ పిల్లకొక్కదానికే వేసుకుంటాది."

"నాకు తెలీదు సార్. తెలిసినా చెప్పను. మీ మనవరాలు పడినా గ్లౌజే, నా కూతురు పడినా గ్లౌజే." దీన్నే మేము స్టాండర్డ్ ప్రికాషన్స్ అంటాం. ఎవరి నెత్తురైనా జాగ్రత్త ఒక్కటే.

షంషాద్ ఫక్కున నవ్వింది. "సార్ మనవరాలికి గూడానా? అట్లయితే వేసుకుంటా."

ఇన్నేళ్లుగా ఎందరు పిల్లల నెత్తురు తుడిచిందో! జబ్బు ఇప్పటికే అంటి ఉంటే? మర్నాడే ఆసుపత్రికి రప్పించి పరీక్ష చేయించాను. "రోగం నాకైతే, నీ మొగం ఎందుకట్లా పీక్కపోయింది?" అని నన్నే ఆటపట్టించింది. నెగటివ్ అని వచ్చాకే నేను టీ తాగగలిగాను.

మరోసారి బడికి వెళ్లేసరికి ఒక పిల్లోడు గేటు దగ్గర పడి మోచెయ్యి గీరుకున్నాడు. షంషాద్ కుడిచేతికి గ్లౌజు తొడిగి గాయాన్ని అదిమి పట్టింది. ఎడమ చెయ్యి ఉత్తదే.

"రెండోది యాడ?" అన్నాను.

"సంచిలో ఉండాది. నెత్తురు ముట్టేది ఈ చెయ్యి. ఆ చెయ్యి వాని తల నిమిరేదానికి. దానికి గూడా తొడగమంటావా?"

నెత్తురు చింది ఆ ఉత్త చేతి మీద పడితే ఎట్లా అని గట్టిగా పోట్లాడాను. ఈలోగా వాడు ఏడుపు మాని మా ఇద్దర్నీ వినోదం చూస్తున్నాడు. జాగ్రత్త నేర్పేటప్పుడు ప్రేమకు కాస్త చోటు వదలాలని నాకు అక్కడే తెలిసింది. అయినా రెండోది తొడగాల్సిందేనని ఇప్పటికీ అంటాను.

ఆమెకు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించడానికి మాత్రం పై అధికారితో గొంతు చించుకోవాల్సి వచ్చింది. "ఇది ఆసుపత్రి సిబ్బందికి, బడివాళ్లకు కాదు" అన్నాడాయన. నాకు ఉద్యోగంలో చేరగానే, అడక్కుండానే వేశారు. మరి ధర్మవరంలో, పెనుకొండలో రోజూ పిల్లల గాయాలు తుడిచే ఆయమ్మలకు ఎవరు వేయాలి, ఆసుపత్రా, బడా?