చెంచా చెంచాకీ కాలిఫోర్నియా

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. మా అమ్మ మీద ఒట్టు. ఆదివారం చర్చికి వేసుకెళ్లే నా ఒకే ఒక్క కోటు మీద ఒట్టు. అదీ చాలదంటే మా ఆవిడ చేతి చేపల పులుసు మీద ఒట్టు. మొదటి రెండూ తప్పినా మూడోది తప్పే ధైర్యం నాకు లేదు. నేను కథలు కడతానని ఐర్లండ్‌లో ఈ వాటర్‌ఫోర్డ్ ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబాలన్నిటికీ తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నేను లేస్తే పాస్టరుగారు ముందే వాచీ చూసుకుంటారు. ఈసారి మాత్రం కట్టింది ఏమీ లేదు.

మా ఆవిడ ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. వీసా వచ్చింది ఆమెకి. ఆమె సూట్‌కేసుల వెనకాల నేను వచ్చాను. గుంటూరు మిర్చి యార్డులో పదిహేనేళ్లు గుమాస్తాగిరీ చేసి, ఎర్రటి ఘాటు పీల్చి పీల్చి తుమ్మడం కూడా మర్చిపోయిన మనిషిని. ఇక్కడికొచ్చాక కోర్సు చదివి, ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా కుదిరాను. లేపడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అన్నం పెట్టడం. వీటిలో చివరి పని దగ్గరే ఈ కథ మొదలైంది.

కిటికీ పక్క గదిలో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై దాటిన మనిషి. సముద్రపు ఒడ్డున జాలర్ల ఊళ్లో పుట్టింది. ఆ శీతాకాలం ఉన్నట్టుండి తిండి మానేసింది. అలగలేదు, ఏడవలేదు, చెంచా దగ్గరికి తెస్తే నోరు మూసుకుని కూర్చునేది, అంతే. జీపీ, అంటే ఇక్కడి మామూలు డాక్టరు, వచ్చి గొంతు చూశాడు, పళ్లు చూశాడు, కడుపు నొక్కి చూశాడు. ఎక్కడా లోపం లేదన్నాడు. వారం వారం తూచినప్పుడల్లా బరువు తగ్గుతోంది. ఇలాగే ఉంటే ఆసుపత్రికి పంపి ముక్కులోంచి గొట్టం వేయించాల్సి వస్తుందని మా మేనేజరు చెప్పింది. అలా గొట్టానికని పంపిన మనుషులు మళ్లీ ఆ కిటికీ పక్కన కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు.

ఆవిడ గోడ నిండా పోస్టుకార్డులు. అన్నీ ఒక్క మనిషి పంపినవే, ఆవిడ తమ్ముడు. కుర్రతనంలో కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. ఏడాదికొక కార్డు, క్రిస్మస్‌కి. కార్డు మీద ఎప్పుడూ సముద్రమే. సముద్రంలో మునుగుతున్న సూర్యుడు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన చెక్క వంతెన, సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్ల లాంటి చెట్లు, వాటి మధ్య తెల్లటి ఇల్లు. ఆ ఇంటి కార్డు వెనక, ‘ఇలాంటి చోటే ఉంటున్నాను, బాగున్నాను’ అని రాసుంది.

మా అమ్మ నాకు అన్నం పెట్టేటప్పుడు ఒక్కో ముద్దకీ ఒక్కో పేరు పెట్టేది. ఇది తాతయ్య ముద్ద, ఇది మేనత్త ముద్ద, ఇది పక్కింటి గేదె ముద్ద. వాళ్లంతా అలుగుతారని నేను తినేసేవాణ్ణి. వాటర్‌ఫోర్డ్‌లో కేరర్ కోర్సు చెప్పిన వాళ్లకి ఈ విద్య తెలియదు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక సూపు చెంచా ఎత్తి, “ఆంటీ, ఇది మీ తమ్ముడి చెంచా” అన్నాను. మొదట్లో ఆంటీ అంటే, నీకెలా ఆంటీనయ్యా అని నవ్విన మనిషి, ఆ రోజు నవ్వకుండా నాకేసి చూసింది.

“నువ్వు వెళ్లావా అక్కడికి?” అంది.

లేదు అనడానికి ఒక్క మాట చాలు. నా నాలుక చిన్నప్పట్నుంచీ ఆ మాట పలకదు. “ఎనిమిదేళ్లున్నానాంటీ” అన్నాను. ఎక్కడ అని అడగడానికి ఆవిడ నోరు తెరిచింది. నేను చెంచా పెట్టేశాను.

అలా మొదలైంది. ఆ సాయంత్రమే లైబ్రరీకి పోయి కాలిఫోర్నియా గురించి దిండంత బొమ్మల పుస్తకం తెచ్చుకున్నాను. పుస్తకం చూశాక భయం వేసింది. ఐర్లండ్ లాంటివి ఐదు పడతాయి అందులో. ఇంత రాష్ట్రాన్ని ఒక పూట సూపులో ఎలా ముగిస్తాం? అందుకని పై నుంచి కిందికి దిగుదాం అనుకున్నాను. మొదటి చెంచా ఉత్తరాన పొగమంచులో నిలబడ్డ ఎర్రచెట్ల అడవి. రెండోది బంగారం కోసం మనుషులు వాగులన్నీ జల్లెడపట్టిన కొండలు. తర్వాత శాక్రమెంటో, రాజధాని. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, ఎండాకాలంలోనూ స్వెట్టర్ వేసుకుని నిటారుగా ఉన్న వీధులు ఎక్కాల్సిన ఊరు. అక్కడికొచ్చేసరికి ఆవిడ ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

కడుపు నిండిందేమో అనుకున్నాను. మర్నాడు అక్కణ్ణుంచే ఎత్తుకున్నాను, సముద్రం పక్కనే కొండ అంచున పాములా మెలికలు తిరిగే రోడ్డు అని. నోరు తెరవలేదు. మూడోనాడు శాంటా బార్బరా. తెరవలేదు. అప్పుడు నాకు తెలిసింది. ఊరు లోపలుంటే తింటోంది, ఒడ్డునుంటే మానేస్తోంది. జాలర్ల ఊరి మనిషికి సముద్రం మొహం మొత్తిందేమో అనుకున్నాను. ఎందుకో అడగలేదు. నాకు కావలసింది చెంచా లోపలికి పోవడం. ఆ రాష్ట్రానికి ఎడమవైపు పొడుగునా సముద్రమే. నేను దాన్ని మొత్తం కొట్టేశాను. నెల రోజుల పాటు కాలిఫోర్నియాకి ఒడ్డు లేదు.

లోపలివైపు వచ్చేసరికి ఇబ్బంది వచ్చిపడింది. నా పుస్తకంలో లోపలి భాగానికి బొమ్మలు తక్కువ. మధ్యలో పొడుగాటి మైదానం ఉంది, అక్కడ దేశానికి సరిపడా కూరగాయలూ పళ్లూ పండుతాయి, వేసవిలో ఎండ మండిపోతుంది అని రాసి వదిలేశారు. రెండు ముక్కలతో ఎన్ని చెంచాలు వస్తాయి? ఎండ మండిపోతుంది అన్న మాట దగ్గర నాకు మా గుంటూరు దొరికింది. ఎత్తుకెళ్లి అక్కడ పెట్టేశాను. మైళ్ల కొద్దీ నేల మీద ఎర్రెర్రగా పంట పరిచి ఎండబెడతారాంటీ, కూలీలు వంగి తిరగేస్తుంటారు, అటు పోయే కార్లలో వాళ్లంతా వరసగా తుమ్ముతారు అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ పూట సూపు, ఉడకబెట్టిన బంగాళాదుంప, కస్టర్డ్, అన్నీ అయిపోయాయి. వంటామె పళ్లెం చూసి నా వీపు తట్టింది.

విచిత్రం చెప్పనా? నా గుంటూరుని ఆవిడ కళ్లు మూసుకుని నమ్మింది. పుస్తకంలోని నిజాలు చెబితే మాత్రం చెయ్యి ఊపి కొట్టిపారేసేది. బతికున్న చెట్టు మొదట్లో సొరంగం తవ్వి అందులోంచి కారు నడిపిస్తారంటే, పోవయ్యా అంది. ఒకే రాష్ట్రంలో మంచు కప్పిన మహా ఎత్తు కొండా, సముద్రమట్టానికీ కిందికి దిగిపోయి నిప్పులు చెరిగే ఎడారీ పక్కపక్కనే ఉంటాయి, ఒక పూటలో ఇక్కణ్ణుంచి అక్కడికి పోవచ్చు అంటే, మరీ అంత ముసలిదాన్ని కాదులే అంది. అబద్ధానికి ఉన్న మర్యాద నిజానికి లేదని ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను నేను, మా ఇంట్లో ఎవరూ వినరు.

బరువు పెరిగింది. గొట్టం మాట అందరూ మర్చిపోయారు. వసంతం వచ్చింది. ఒక గురువారం మేనేజరు నన్ను పిలిచి, శుభవార్త, శనివారం ఆవిడ తమ్ముడు వస్తున్నాడు కాలిఫోర్నియా నుంచి, నువ్వూ అక్కడ ఉన్నావటగా, బోలెడు మాట్లాడుకోవచ్చు అంది.

ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చున్నాను. పులుసు రుచి తెలియలేదు. విషయం అంతా చెప్పాను. మా ఆవిడకి సగం ముందే తెలుసు, తెలిసినప్పుడల్లా మందలిస్తూనే ఉంది.

“ఏవండీ, ఎల్లుండి ఆయన అలాంటిదేమీ లేదంటే ఆవిడ ఏం చేస్తుంది?”

“నా మాట నమ్మదు.”

“మీ మాట నమ్మకపోతే కొంప మునిగేదేం లేదు, మేమెవరం నమ్ముతున్నాం? మీ చేత్తో పెట్టింది తినదు. అదీ సంగతి.”

మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లిషే. ప్రెస్ తలుపు తీసి బిస్కెట్లు వెతుక్కుంటూ, “డాడీ, జస్ట్ టెల్ హిమ్ ఫస్ట్. యూ విల్ బీ గ్రాండ్” అంది. ఇక్కడ ప్రెస్ అంటే అలమర. గ్రాండ్ అంటే, ఏమీ కాదులే అని. ఈ దేశంలో కాలు విరిగినవాణ్ణి కూడా గ్రాండ్ అంటారు కాబట్టి నాకు ధైర్యం రాలేదు.

శనివారం భోజనం వేళకి వచ్చాడాయన. ఎండకి కమిలిన ముఖం, పొడుగాటి మనిషి, టోపీ చేతిలో పట్టుకుని నడవలో నిలబడ్డాడు. నేను తిన్నగా ఎదురెళ్లి, నిటారుగా నిలబడి, చెప్పేశాను. “అయ్యా, నేను కాలిఫోర్నియాలో కాలు పెట్టలేదు. మీ అక్కగారు తిండి మానేశారు. తినిపించడానికి మీ రాష్ట్రాన్ని కల్పించాను. తప్పు నాది, ఆవిడ ముందు మాత్రం బయటపెట్టకండి.” గొంతు వణకలేదు. ఆయన టోపీ రెండుసార్లు చేతుల్లో తిప్పి, సరే అన్నట్టు తలాడించి లోపలికి నడిచాడు. నేను భోజనం ట్రే పట్టుకుని వెనకాలే వెళ్లాను.

అక్కా తమ్ముడూ కాసేపు చేతులు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆవిడ నన్ను చూపించి, ఇతను మీ వైపు ఎనిమిదేళ్లున్నాడు, అన్నీ చెప్పాడు అంది. ఆయన నావైపు చూడకుండా అవునా అన్నాడు. అప్పుడు అడిగింది.

“అక్కడ మైళ్ల కొద్దీ నేల మీద పంట పరిచి ఎండబెడతారటగా?”

ఎర్రచెట్ల గురించి అడగొచ్చుగా, బంగారం గురించి అడగొచ్చుగా. పుస్తకంలో ఉన్నవన్నీ వదిలేసి తిన్నగా మా మిర్చి యార్డు మీదికి వచ్చింది. ఆయన టోపీ అంచు సవరించుకుంటూ కూర్చున్నాడు. నాకోసం అబద్ధం వెతుక్కుంటున్నాడు పాపం అనుకున్నాను.

“ద్రాక్ష” అన్నాడు చివరికి. “కోసి, తీగల వరసల మధ్య నేల మీద కాగితాలు పరిచి, వాటి మీద ఎండబెడతారు. వేసవి చివర్లో ఎటు చూసినా అవే. కిస్మిస్ అవుతాయి. ముప్ఫై ఏళ్లు వాటిని లారీలో తోలింది నేనే.”

నేను ట్రే బల్ల మీద పెట్టేశాను. నేను కల్పించిన ముక్క నాకంటే ముందే అక్కడ జరుగుతోంది. తుమ్ములు మాత్రం లేవు.

పెద్దావిడ అంతటితో ఆగలేదు. “సముద్రం దగ్గరా ఆ ద్రాక్షలు?”

“కాదు. రోడ్డు ఖాళీగా ఉంటే మూడు గంటలు.”

ఆవిడ గోడవైపు చూసింది, కార్డులవైపు. ఆయనా చూశాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఒడ్డుకి ఒక్కసారే వెళ్లాడట, ఆ దేశం చేరిన ఏడాదే. పెట్రోలు బంకులో ఓ కట్ట కార్డులు కొనుక్కుని, ఏడాదికొకటి పంపుతూ వచ్చాడట. దుమ్ములో ఇరుకు గది అద్దెకి తీసుకుని బతుకుతున్నానని రాయడానికి మనసొప్పలేదట. సముద్రపు ఒడ్డు ఇల్లు ఏనాడూ లేదట.

“లేదా?” అంది ఆవిడ.

“ఎప్పుడూ లేదు.”

అప్పుడు ఆవిడ చెప్పింది. నాతో కాదు, తమ్ముడితో. వాళ్ల నాన్న పడవతో సహా సముద్రంలో పోయాడు. అప్పటికి ఇతను పసివాడు, గుర్తులేదు. ఆ తెల్లిల్లు కార్డు వచ్చినప్పట్నుంచీ గాలి వీచిన ప్రతిసారీ ఆవిడకి అదే ఆలోచన. ఈ శీతాకాలం టీవీలో కాలిఫోర్నియా ఒడ్డున అలలు వచ్చి చెక్క వంతెన ఎత్తుకుపోవడం చూపించారట. కార్డులో ఉన్న వంతెనలాంటిదే. ఆ రోజు నుంచే ముద్ద దిగలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం.

జీపీకి గొంతులో దొరకనిది అదన్నమాట. నేను ఒడ్డు కొట్టేసినప్పుడల్లా ఎందుకు తిన్నదో ఇప్పుడు తెలిసింది.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, చాలాకాలం మోసిన బస్తా దించినట్టు ఊపిరి వదిలింది. “దుమ్ములో ఉన్నావన్నమాట” అంది. “మహా దుమ్ము” అన్నాడు తమ్ముడు. “గ్రాండ్” అంది. చెయ్యి చాపి ట్రే దగ్గరికి లాక్కుని, చెంచా తనే తీసుకుంది. ఏ ఊరి పేరూ అడక్కుండా గిన్నె ఖాళీ చేసింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అన్నేళ్ల కేరర్ పనిలో, చెయ్యడానికి ఏమీ లేనందుకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఆయన వెళ్తూ వెళ్తూ నా భుజం నొక్కి, నీ కాలిఫోర్నియా నా కార్డుల కంటే నిజమైంది అన్నాడు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఇది రాసిన కాగితాలు మా ఆవిడ చదివింది. చేపల పులుసు మీద ఒట్టు ఉందని గుర్తుచేసి, పొయ్యి మీది గిన్నె మీద మూత పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది. అందుకని చెబుతున్నాను. ద్రాక్షలు నిజం, లారీ నిజం, తెల్లిల్లు నిజంగా లేదు. నడవలో నేను నిటారుగా నిలబడింది మాత్రం కల్పించాను. ఆయన తలుపు తీసుకుని వచ్చేసరికి నేను దుప్పట్ల ప్రెస్‌లో ఉన్నాను. తలుపు వేసుకుని. సెలవు రోజున నాకోసం వచ్చి, ఆయనకి ఎదురెళ్లి, నా తప్పంతా తన తప్పులా చెప్పింది మా ఆవిడ. గొంతు వణకనిది ఆమెదే. తర్వాత వచ్చి ప్రెస్ తలుపు కొట్టి, “బయటికి రండి, ఆవిడ భోజనం చల్లారిపోతోంది” అని ట్రే చేతిలో పెట్టింది. అక్కణ్ణుంచి అంతా రాసినట్టే జరిగింది.

గిన్నె మీంచి చెయ్యి తీసింది. వెళ్లి తింటాను.