నా గుండుకు నేనే రాసిన సంజాయిషీ

నాకు అక్షరాలు యాభై రెండేళ్లకు వచ్చాయి. అంతకుముందు నా కూతురు ఐర్లండు నుంచి ఫోన్లో పంపే మెసేజీలన్నీ ఎదురింటామె చేత చదివించుకునేదాన్ని. ఆమె గొంతు పెద్దది. నా కూతురు అక్కడ ఆస్పత్రిలో నర్సు. దానికి జలుబు చేసినా, డ్యూటీ మారినా, ఐరాల పక్కనున్న మా ఊరికి ముందు తెలిసి తర్వాత నాకు అర్థమయ్యేది. అది భరించలేక సాయంత్రం బడిలో చేరాను. పాలు పిండి, డెయిరీలో పోసి, చేతులు కడుక్కుని పలక పట్టుకునేదాన్ని. నా పలక పేడ వాసన వస్తుందని పక్కన కూర్చునే ఆమె రోజూ అనేది. ఆమె పలకా అంతే.

ఒకరి సాయం లేకుండా నేను చదివిన మొదటి పెద్ద మెసేజీ ఇది: "అమ్మా, నేను ఒకరిని పెళ్లి చేసుకోవాలనుకుంటా ఉండా. ఆయన ఈ దేశమాయనే. నాయనకు నువ్వే చెప్పు."

కొట్టంలో నిలబడి మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు కలపడానికి, రెండోసారి అర్థానికి, మూడోసారి ఆ అర్థంలో తప్పేమైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

మా ఆయన గడ్డి కోస్తూ ఉంటే చెప్పాను. ఆయన కొడవలి ఆపలేదు.

"వాళ్ల నాయన ఏం చేస్తాడంట?"

"ఆవులు మేపుతాడంట."

"ఎన్ని?"

"నూట ఇరవై."

అప్పుడు ఆగింది కొడవలి. మాకు నాలుగే. "మనకంటే పెద్దోళ్లే. వాళ్లు మాట మార్చేలోపల ఒప్పుకో" అన్నాడు.

పెళ్లి ఎక్కడ, ఎట్లా చేసుకోవచ్చో నా కూతురు మూడు దారులు రాసి పంపింది. నేను నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఒకటి, అబ్బాయి ఇక్కడికి వచ్చి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకోవడం. దానికి ఇక్కడ నెల రోజులు ఉండాలి, నోటీసు బోర్డు మీద నెల రోజులు పేర్లు ఉండాలి. నా కూతురికి దొరికే సెలవు మూడు వారాలు. రెండు, ఇద్దరూ టూరిస్టు వీసా మీద ఇంకేదో దేశానికి పోయి, అక్కడ తొందరగా చేసుకుని రావడం. అది విని మా ఆయన, "మనమూ లేక, వాళ్లూ లేక, ఎవురో దోవన పొయ్యేవాళ్ల చేత అక్షింతలు యేయించుకుంటారా?" అన్నాడు. మూడు, అక్కడే చేసుకోవడం. నా కూతురికి అక్కడ పనిచేసే పర్మిటు ఉంది కాబట్టి దాని వీసాతో చిక్కు లేదు. మూడు నెలల ముందు ఆఫీసులో నోటీసు ఇవ్వాలి, అంతే. చిక్కంతా నాది. పెళ్లి చూసి రావడానికి నాకు వీసా కావాలి.

"నువ్వు రాకపోతే నేను చేసుకోను. పసుపుతాడు నీ చేత్తోనే తేవాల" అని రాసింది. దానికి ముప్పై నాలుగేళ్లు. మొండితనంలో నా పోలిక. వీసా రాకపోతే ఆ మాట మీదే కూర్చుంటుందని నాకు తెలుసు. ఆవులను ఎవరో ఒకరు చూసుకోవాలి కాబట్టి మా ఆయన రాలేడు. నేనొక్కదాన్నే పోవాలి.

వీసా వస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. మా ఆయన పేరున మొక్కుకునే వీలు లేదు, ఆయన తలమీదవి ముప్పై ఐదేళ్లకే దేవుడు స్వయంగా తీసుకున్నాడు.

మొక్కుకున్నాక ఆలోచన పట్టుకుంది. వీసా వచ్చేసరికి పెళ్లి దగ్గరపడుతుంది. అప్పుడు ఇస్తే వియ్యంకుల ముందు కొత్త గుండుతో నిలబడాలి. అదే ఇప్పుడు ఇచ్చేస్తే, నోటీసు మూడు నెలలు పూర్తయ్యేసరికి జుట్టు కాస్తయినా వస్తుంది. ఎంత తెలివైన లెక్కో అని నాకు నేనే మురిసిపోయాను. కూతురు అక్కడ నోటీసు ఇచ్చిన మర్నాడే నేను తిరుపతిలో బస్సెక్కి కొండమీదకు పోయాను.

కల్యాణకట్టలో గుండు చేసే ఆమె నా తల తడుపుతూ, "మొక్కు తీరిందా అమ్మా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"తీరకుండానే ఇచ్చేస్తా ఉండావే?"

"తారీఖులు కుదరలేదు."

ఆమె కత్తి పక్కన పెట్టి, నవ్వడం అయ్యాక మళ్లీ తీసుకుంది.

ఇందులో తప్పేముందో నాకు ఆ రోజు తట్టలేదు. మా వైపు గుండును ఎవరూ ఆగి చూడరు. కొండ దిగే బస్సులో సగం మందివి గుండ్లే. ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో బిడ్డలు, అందరికీ గంధం పూత. పైగా తలకు గాలి తగిలి హాయిగా ఉంది.

రెండు రోజుల తర్వాత మా ఆయనతో కలిసి చెన్నైలో వీసా కాగితాలు తీసుకునే ఆఫీసుకు పోయాను. చిత్తూరులో ఫారాలు నింపే ఆయన అన్నీ వరుసగా పెట్టి ఇచ్చాడు. నెల కిందట తీయించుకున్న ఫొటోలు ఫారాలకు అంటించాడు. వాటిలో నాకు నడుము దాకా జడ, భుజం మీద మల్లెపూలు.

కౌంటరులో కూర్చున్న ఆమె అరవం కలిసిన తెలుగులో మాట్లాడింది. ఫొటో చూసింది, కొంగు కప్పుకున్న నన్ను చూసింది.

"ఇది మీ చెల్లెలా?"

"నేనే."

"ముసుగు తీయండమ్మా."

తీశాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"తిరుపతి మొట్టయా?"

"అవును. మొన్న."

"నాకు తెలుస్తుంది. మా పాపకు రెండుసార్లు ఇచ్చినాము. కానీ ఈ కాగితాలు చూసే ఆఫీసరు ఇక్కడ ఉండడు. ఆయన ఆ దేశం ఆయన. ఆడమనిషికి గుండు చూస్తే జబ్బు అనుకుంటాడో, జైలు అనుకుంటాడో."

కొత్త ఫొటో కావాలంది. పాస్‌పోర్టులో జడ, దీంట్లో గుండు ఎందుకో వివరంగా ఒక ఉత్తరం కూడా పెట్టమంది. నా కూతురి పెళ్లి నా తలమీద ఆగిపోయిందనుకున్నాను.

బయటకు వచ్చాక మా ఆయన, "నేను ముందే చెప్పినా" అన్నాడు.

"ఏం చెప్పినావు?"

"చెప్పాలనుకున్నా."

సందు మొదట్లో ఫొటో స్టూడియో ఉంది. అతను నన్ను చూసి, కావాలంటే కంప్యూటర్లో జుట్టు పెడతానన్నాడు. మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, "నాకు పెట్టగలవా అబ్బా?" అని అడిగాడు. ఆయనను బయట కూర్చోబెట్టి గుండుతోనే తీయించుకున్నాను.

ఇక ఉత్తరం. ఎవరిచేతనైనా రాయించుకుందామని మా ఆయన అన్నాడు. నా గుండు గురించి ఇంకొకరెట్లా రాస్తారు? స్టూడియో బల్ల మీద కాగితం పెట్టుకుని గంటసేపు రాశాను. అది ఇది:

"అయ్యా, ఈ రెండు ఫొటోల్లో ఉండేది నేనే. ఒకటి జుట్టు ఉన్నప్పుడు, ఒకటి దేవుడికి ఇచ్చినాక. నాకు జబ్బు లేదు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. మీరు వీసా ఇస్తే జుట్టు ఇస్తానని మొక్కుకున్నాను. పెళ్లికి మూడు నెలలే ఉంది కాబట్టి ముందే ఇచ్చినాను. నేను పోకపోతే నా కూతురు పెళ్లి చేసుకోదు. పెళ్లి చూసి తిరిగి వచ్చేస్తాను. ఇక్కడ నాకు నాలుగు ఆవులు ఉన్నాయి. మా ఆయన చేతికి ఒక్క ఆవే పాలు ఇస్తుంది."

పక్క వీధిలో ఇంగ్లీషు టైపు చేసే ఆయన, చివరి రెండు మాటలు తీసేద్దామా అన్నాడు. నేను తిరిగి రావడానికి అంతకంటే పెద్ద కారణం లేదు, ఉంచమన్నాను. మా ఆయన మాత్రం తీసెయ్యమన్నాడు. ఊరు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఐదో వారంలో వీసా వచ్చింది.

పెళ్లికి నాలుగు రోజుల ముందు, నూలు సంచిలో పసుపుతాడు పెట్టుకుని, ఒకటిన్నర అంగుళం జుట్టుతో ఆ దేశంలో దిగాను. విమానాశ్రయంలో కాగితాలు చూసే ఆయన పాస్‌పోర్టులో జడ చూశాడు, వీసాలో గుండు చూశాడు, ఎదురుగా కోత కోసిన మడిలాంటి నా తల చూశాడు. టైపు చేయించిన ఉత్తరం నకలు ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి, పక్క బల్ల ఆయనను పిలిచాడు. ఆయన కూడా చదివి ఏదో అడిగాడు. నా వెనక వరుసలో నెల్లూరామె ఉంది కాబట్టి సరిపోయింది.

"పాలు ఇచ్చేది ఏ ఆవు అని అడుగుతా ఉండారమ్మా."

"నల్లది" అన్నాను.

ఇద్దరూ తల ఊపారు. ముద్ర పడింది.

బయట నా కూతురు నన్ను గట్టిగా పట్టుకుంది. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. దాని వెనక నిలబడిన పొడుగాటి మనిషి, "బాగుండారా అత్తా" అని దండం పెట్టాడు. వీడియోలో ఎర్రటి జుట్టుతో ఉండే అల్లుడు. ఇప్పుడు తల నున్నగా మెరుస్తా ఉంది.

"పెళ్లికోసం నువ్వు గుండు చేయించుకున్నావని చెప్పినాను. మనలో అది ఆచారం అనుకున్నాడు. నిన్న నాకు చెప్పకుండా చేయించుకొచ్చినాడు" అంది నా కూతురు. "రిజిస్ట్రారుకు పాస్‌పోర్టు చూపించాల. ఇప్పుడు ఈయనకు నువ్వే రాయాల ఉత్తరం."

ఆ సాయంత్రం వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. "అమ్మా, ఈ రెండు ఫొటోల్లో ఉండేది మా అల్లుడే." అలవాటైన ఉత్తరం కాబట్టి పావుగంటలో అయిపోయింది. కానీ పెళ్లి రోజు రిజిస్ట్రారమ్మ ఆయన ముఖం చూసి, పాస్‌పోర్టు చూసి, నవ్వి సంతకం పెట్టించింది. ఉత్తరం అడగలేదు. నాకు కొంచెం బాధేసింది.

ఆఫీసు మెట్లమీదే పసుపుతాడు నా సంచిలోంచి తీసి ఇచ్చాను. మా ఆయన కొట్టంలో నుంచి ఫోన్లో చూస్తున్నాడు. వెనక నల్లావు అరుస్తోంది. మూడో ముడి పడ్డాక ఆయన అల్లుడి తల వైపే చాలాసేపు చూశాడు.

"మన ఇంటి పోలికే వచ్చింది" అన్నాడు.